కరెంటు పోయినా ఆగని చదువు

ఆ కంప్యూటరు ఊళ్ళోకి చేపల ఐసు వ్యానులో వచ్చింది. సముద్రానికీ గోదావరి పాయకీ మధ్య ఇరుక్కున్న ఆ ఊరికి పంటు మీద, అంటే బల్లకట్టు మీద, రేవు దాటి వచ్చే బండి అదొక్కటే. అట్టపెట్టె ఒక పక్క తడిసిపోయింది. విప్పితే లోపలి నుంచి చేపల వాసన.

"అమ్మగారూ, నా కర్మండి. దీని ముందు కూర్చుని అన్నం ఎలా తినమంటారు?" అన్నాడు ఆపరేటరు. అతనిది సామర్లకోట. కోడిగుడ్డు కూడా ముట్టని మనిషి.

నేను తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ ఏదో సమావేశంలో చిన్న వయసు టీచర్లు కనబడి, "మీ రోజుల్లో తరగతిలో కంప్యూటరు లేదు కదా మేడం, ఎలా చెప్పేవారు?" అని జాలిగా అడుగుతుంటారు. ఉండేదమ్మా. అది ఏం చేసిందో, దానితో మేం ఏం చేశామో చెబుతాను. చేదుగా ఉంటే ఉండనివ్వండి. నేను పెరిగిన క్రైస్తవ సంఘంలో సాక్ష్యమంటే ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు గాని, తియ్యగా చెప్పమనలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. చదువు రాని పెద్దవాళ్ళకి కంప్యూటరుతో తెలుగు చదవడం నేర్పాలని పైనుంచి ఒక పథకం వచ్చింది. అక్షరమాలతో పనిలేదట. తెరమీద బొమ్మ, బొమ్మ కింద మాట, ఆ మాట పలికే గొంతు. మాట ముక్కలుగా విడిపోతుంది, మళ్ళీ కలుస్తుంది. కొద్ది వారాల్లో పేపరు చదివేస్తారన్నారు. నన్ను ఆ ఊరికి డెప్యుటేషను మీద వేశారు. తోటి టీచర్లు దాన్ని శిక్ష అన్నారు, నేను ప్రార్థనకి జవాబు అనుకున్నాను. మా అమ్మ సువార్తికురాలు. చదువు రాని ఆడవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి వాక్యం చదివి వినిపించడం ఆవిడ పని. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "ఎంతకాలమే వీళ్ళు నా నోటితో వింటారు? వాళ్ళ కళ్ళతో ఎప్పుడు చదువుతారు?" అనేది. ఆ ప్రశ్నకి జవాబు ఐసు వ్యానులో వచ్చిందని నేను నిజంగా నమ్మాను.

తుఫాను షెల్టరు మేడమీద పెట్టాం దాన్ని. ఊళ్ళో గట్టి కప్పు అదే. మొదటిరోజు ఆపరేటరు మానిటరుకి కుంకుమ బొట్టు పెట్టి అగరొత్తి వెలిగించాడు. మా సంఘపు ఆడవాళ్ళు మొహాలు చిట్లించారు. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను. అప్పుడు మిగతా ఆడవాళ్ళు మొహాలు చిట్లించారు. "బొట్టు నాది, ప్రార్థన మీది. కరెంటు ఇద్దర్నీ లెక్కచెయ్యదండి," అన్నాడతను. అంతే, గొడవ నవ్వుల్లో పోయింది.

వచ్చేవాళ్ళంతా చేపలమ్మే ఆడవాళ్ళు. పొద్దున్నే గంపలతో రేవు దాటి రామచంద్రపురం దాకా వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి, ఖాళీ గంపలు మెట్లకింద బోర్లించి పైకి వచ్చేవాళ్ళు. సగంమంది మా సంఘం, సగంమంది ఏటా అన్నవరం కొండెక్కేవాళ్ళు. అంతా ఒకే వీధి, చుట్టాలే. నెల తిరగకుండానే తెరమీద మాట పడడం ఆలస్యం, అందరూ గడగడా చదివేసేవారు. నేను ఇంటికి వెళ్ళి మోకాళ్ళమీద పడి దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

చదవని మనిషి ఒక్కతే. యాభై దాటిన ఆవిడ. ఊరంతా పెద్దమ్మ అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. అందరికంటే ముందొచ్చి, తెరకి దగ్గరగా కూర్చుని, వేలు గాజుమీద పెట్టి పెదవులు కదిపేది. ఆవిడ వేలు పడిన చోటల్లా చేపపొలుసు అంటుకునేది. గొంతు మాత్రం పైకి వచ్చేది కాదు.

ఆవిడ ఎందుకొస్తోందో ఊరందరికీ తెలుసు. అంతకు ముందటేడు ఆవిడ చిన్నకొడుకు వేటకి వెళ్ళి గాలివానలో పోయాడు. వాడికింకా బాప్తిస్మం కాలేదు. వచ్చే పండక్కి తీసుకుంటానని వాయిదా వేస్తూ వచ్చాడు. శవం ఒడ్డుకి కొట్టుకొచ్చినప్పుడు సంఘపెద్ద సమాధుల తోటలో చోటు ఇవ్వనన్నాడు. కాలవగట్టున పూడ్చారు. పైగా తల్లితో అన్నాడట, "బాప్తిస్మం లేనోడికి రక్షణ లేదు. నా మాట కాదమ్మా, రాసుంది."

పెద్దమ్మ ఈ సంగతి నాకు చెప్పినప్పుడు నేను ఆవిడ్ని పక్కన కూర్చోబెట్టుకుని గ్రంథం తెరిచాను. నాకు తెలిసిన చోట్లన్నీ చదివి వినిపించాను. నీ కొడుక్కి తలుపు మూసేశారని ఎక్కడా లేదు పెద్దమ్మా అన్నాను.

ఆవిడ అంతా విని తలూపింది. "మీరు మంచోరండి. నన్ను ఓదార్సడానికి సెప్తారు. ఆయన కటినం. నన్ను బెదిరించడానికి సెప్తాడు. ఇద్దరికీ సదువొచ్చు. ఇద్దరూ రాసుందనే అంటారు. నేనెవుర్ని నమ్మనండి? నా కళ్ళతో సూడాల."

ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పాను. చదువు ఎందుకో అంత సూటిగా చెప్పిన విద్యార్థి నాకు మళ్ళీ తగల్లేదు.

ఇక కరెంటు సంగతి. ఒక మధ్యాహ్నం పాఠం మధ్యలో కరెంటు పోయింది. బ్యాటరీ అప్పటికే ఉప్పుగాలికి చచ్చి ఊరుకుంది. తెర నల్లబడింది, ఫ్యాను ఆగింది. చదువు మాత్రం ఆగలేదు.

"పడవ... వల... వరద... అలక..."

ముందు వరస నుంచి వెనక గోడదాకా ఒకే గొంతు. ఒక పాఠం అయిపోయింది, రెండోదాంట్లోకి వెళ్ళారు. పాఠానికీ పాఠానికీ మధ్య పెట్టెలోంచి ఒకావిడ "చాలా బాగుంది, ఇప్పుడు మళ్ళీ చదువుదాం" అంటుంది. అదీ చదివారు, ఆ పట్నపు తీపితో సహా. నల్లటి గాజు ముందు, చూపులు తెరమీద కాకుండా తెరకి కొంచెం పైన గాల్లో నిలిపి, ఒక్క తప్పు లేకుండా చదువుతూనే ఉన్నారు.

ఆపరేటరు గోడకి ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకూ నవ్వు ఆగలేదు.

"ఏంటండీ నవ్వుతారు? తప్పు సదివేమా?" అంది ఒకావిడ కోపంగా.

"లేదమ్మా, అక్షరం తప్పు లేదు."

"ఈళ్ళకి నేనెందుకండి, ఇదెందుకండి?" అన్నాడు ఆపరేటరు.

పెద్దమ్మ ఒక్కతే నోరు మూసుకుని కూర్చుంది. "నువ్వు చదవలేదేం పెద్దమ్మా?" అన్నాను.

"తెర లేదు గదండి. ఏం సదవను?"

నా నవ్వు అక్కడితో ఆగిపోయింది.

నాకు ముందే తెలియాల్సిన విషయం. ప్రతి ఆదివారం కంఠత వాక్యం ఒప్పజెప్పి బహుమతులు తెచ్చుకుని పెరిగినదాన్ని. మా సంఘాల్లో చదువు రాని ముసలమ్మలు అధ్యాయాలకి అధ్యాయాలు వల్లిస్తారు. ముందు ఒకరు చరణం అందిస్తే వెనక వందమంది ఎత్తుకుంటారు. అన్నవరం వెళ్ళే ఆడవాళ్ళకి వ్రతకథ అయిదు అధ్యాయాలూ నోటికి వచ్చు. అలాంటి చెవుల ముందు రోజూ అవే మాటలు, అదే వరసలో, అదే గొంతుతో పలికే పెట్టెని పెడితే ఏమవుతుంది? దాన్నీ పాటలా ఎత్తుకున్నారు. ఈ పథకం తయారుచేసిన మహానుభావులు ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని, చదువు రానివాళ్ళ బుర్ర ఖాళీగా ఉంటుందనుకున్నారు. అది నిండుగా ఉంటుందనీ, అదే ఇబ్బందనీ వాళ్ళకి తోచలేదు.

వరస మార్చి చూపించమని ఆపరేటర్ని అడిగాను. "మన చేతిలో లేదండి. సీడీలో ఎలా ఉంటే అలాగే ఆడుద్ది," అన్నాడు. మర్నాడు ఒక పలక తెచ్చాను. అవే మాటలు, వరస తప్పించి రాశాను. గడగడా చదివినవాళ్ళంతా పలక వైపు కొత్తచుట్టాన్ని చూసినట్టు చూశారు. "ఇది పెట్టెలో లేదండి," అన్నారు. పెద్దమ్మ ముందుకి జరిగింది. వేలు పెట్టింది. చాలాసేపటికి, "వ... ల. వలండి," అంది.

ఆ గదిలో నిజంగా చదవడం మొదలుపెట్టింది ఆవిడే.

నేను మండలంలో మా పై అధికారి దగ్గరికి వెళ్ళాను. కంప్యూటరు ఇంకొన్ని నెలలు ఉండాలనీ, పలకా పుస్తకమూ కలిపి నేర్పనివ్వాలనీ అడిగాను. ఆయన ఫైలు లోంచి తల ఎత్తలేదు.

"వాళ్ళు చదువుతున్నారా లేదా?"

"కంఠతా చెబుతున్నారండి."

"తెర చూసి చెబుతున్నారా?"

"తెర వైపు చూస్తూనే అండి."

"మరి చదవడమంటే ఇంకేంటండి మేడం గారూ? వచ్చే వారం జిల్లా నుంచి పెద్దాయన చూడ్డానికొస్తున్నారు. మీ అనుమానాలు ఆయన ముందు పెట్టకండి. ఇంకో మాట. ఆ నత్తిగా చదివే పెద్దావిడ ఉందే, ఆ పూట ఆవిణ్ణి బజారుకి పంపెయ్యండి."

నేను పంపలేదు. ఆవిడ అసలు ఆ రోజు బేరానికే వెళ్ళలేదు. ఉతికిన తెల్లచీర, ఆదివారం చీర, కట్టుకుని పొద్దుటి నుంచీ షెల్టరు మెట్లమీద కూర్చుంది.

షామియానా వేశారు. కొబ్బరిబొండాల గెలలు దించారు. రేవు అవతల కార్లు ఆపుకుని, బూట్లలో ఇసక దులుపుకుంటూ వచ్చారు పెద్దమనుషులు. సంఘపెద్ద కూడా ముందు కుర్చీలో కూర్చున్నాడు. పెట్టె పెట్టగానే మా వాళ్ళు అందుకున్నారు. ఆహా, ఎంత బాగా చదివారని! ఆ శ్రుతి మా ఆరాధనలో కూడా అంతగా కుదరదు. పెద్దాయన ముచ్చటపడిపోయి, "ఈ ముందు వరస చివర కూర్చున్న అమ్మగారిని ఒక్కరినీ చదవమనండి," అన్నారు.

పెద్దమ్మ లేచి తెర దగ్గరికి వెళ్ళింది. 'నీడ' అన్న మాట ఉంది. ఆ వరస ఆవిడకీ నోటికి వచ్చు. ఆ పెట్టె ముందు అన్నినాళ్ళు కూర్చున్న మనిషికి రాకుండా ఎలా ఉంటుంది? చెప్పేస్తే అయిపోయేది. ఆవిడ చెప్పలేదు. వేలు పెట్టి చదవసాగింది.

"నీ..."

వెనక నుంచి ఒకటే గుసగుస, "నీడ, నీడ".

"సెప్పకండే! సూత్తన్నాను," అని వాళ్ళని కసిరి మళ్ళీ తెర వైపు తిరిగింది. ఈలోగా పెట్టె తర్వాతి మాటకి వెళ్ళిపోయింది. ఆవిడ వేలు లేని మాటమీద ఉండిపోయింది. అందరూ నవ్వారు.

"పర్వాలేదమ్మా, కూర్చోండి," అన్నారు పెద్దాయన దయగానే. మా అధికారి వైపు తిరిగి, "ఈవిడ ఒక్కరికే రాలేదన్నమాట," అన్నారు.

"వయసండి. ఊళ్ళో ఈవిడొక్కతేనండి," అన్నాడు మా అధికారి.

నేను లేచాను. "సార్, ఒక్క నిమిషం. ఈ పలకమీద మీకు తోచిన మాట ఏదైనా రాసి, ఈవిణ్ణీ మిగతావాళ్ళనీ అడిగి చూడండి."

"మేడం గారు తెలుగు టీచరండి. ఇంకా పలక మోజు పోలేదు," అన్నాడు మా అధికారి. పెద్దాయన కూడా నవ్వేశారు. బొండాలు కొట్టి సిద్ధంగా ఉన్నాయన్నారు. అందరూ మెట్లు దిగిపోయారు. పలక నా చేతిలోనే ఉంది.

ఆ వారంలోనే కంప్యూటరు పక్క ఊరికి వెళ్ళిపోయింది, అదే ఐసు వ్యానులో. ఆపరేటరు దాని పక్కన కూర్చుని, "ఆ రోజు నోరు విప్పలేకపోయాను, నేను ఉద్యోగస్తుణ్ణండి అమ్మగారూ," అన్నాడు, నేనేమీ అడగకుండానే. ఊరికి సంపూర్ణ అక్షరాస్యత వచ్చిందని షెల్టరు గోడమీద బోర్డు రాయించారు. నా రిపోర్టు ఎవరూ చదవలేదు. నన్ను మాత్రం తిరిగి స్కూలుకి పంపేశారు. వెళ్ళేముందు పలకా, పెద్దక్షరాల పుస్తకమూ, నా గ్రంథమూ పెద్దమ్మకిచ్చాను. వీలైన ఆదివారాల్లో రేవు దాటి వెళ్ళి కూర్చునేదాన్ని. ఆవిడ నెమ్మదిగా, ఇసకలో నడిచినట్టు, ముందుకి వెళ్తూనే ఉంది.

మరుసటేడు ఆ సంఘపు కృతజ్ఞత కూడికకి నన్ను పిలిచారు. మా కూడికల్లో పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. ఎవరైనా లేచి దేవుడు తమకి చేసింది చెప్పుకోవచ్చు. పెద్దమ్మ లేచింది. గ్రంథం రెండు చేతులతో పట్టుకుని తిన్నగా సంఘపెద్ద దగ్గరికి నడిచింది.

"అయ్యా, నా కొడుకు సంగతి రాసుందన్నారు. ఎక్కడుందో ఏలెట్టి సూపించండి. నిదానంగా నేనే సదూకుంటాను."

ఆయన మొహం ఎర్రబడింది.

"నువ్వు సదూతావా? ఊరందరికీ సదువొచ్చింది, నీకొక్కదానికే రాలేదని జిల్లా నుంచొచ్చినాయనే అందరి ముందూ సెప్పాడు కదంటే!"

కొందరు నవ్వారు. తెర ముందు గొంతు కలిపి పాడినవాళ్ళే.

"సరేనయ్యా, నాకు రాదు. మీకొచ్చుగా. ఏలెట్టండి," అంది ఆవిడ.

ఆయన గ్రంథం తీసుకున్నాడు. నడిమికి తెరిచాడు. వేలు ఒకచోట పెట్టాడు. గొంతెత్తి చదవడం మొదలుపెట్టాడు. తీర్పును గురించిన భాగం. గంభీరమైన గొంతు, ఒక్క మాట తడబాటు లేదు. కానీ వేలు పెట్టిన చోటే ఉంది, కదలలేదు. నేను ముందు చాపమీద ఉన్నాను. ఆయన కళ్ళు చూశాను. చూపు పేజీమీద లేదు. పేజీకి కొంచెం పైన, గాల్లో ఉంది.

ఆ చూపు నాకు తెలుసు. కరెంటు పోయిన రోజు చూశాను.

అన్నేళ్ళూ రాసుంది, రాసుంది అని ఊరిని శాసించిన మనిషి, ఒక కుర్రవాడి శవాన్ని కాలవగట్టుకి నెట్టిన మనిషి. ఆయన కూడా ఎవరి నోటనో విన్నవాడే. లేచి నిలబడి అందరి ముందూ ఆ మాట అనాలని నా ఒళ్ళంతా మండింది. సగం లేచాను కూడా. పెద్దమ్మ నా వైపు చూసి, కూర్చోమన్నట్టు చెయ్యి కదిపింది. ఆవిడా ఆ రోజు షెల్టరు గదిలో కూర్చున్నదే కదా. ఆవిడకీ ఆ చూపు తెలుసు.

"సాలయ్యా," అంది మెల్లిగా. ఆయన చేతిలోంచి గ్రంథం తీసుకుని మూసింది. "పెద్దోరు, మిమ్మల్ని కట్టపెట్టేను. నేనే ఎతుక్కుంటాను."

ఆయన ఆవిణ్ణి అందరి ముందూ చదువు రానిదాన్ని చేశాడు. ఆవిడ ఆయన్ని చెయ్యలేదు. క్షమించడం గురించి నేను విన్న ప్రసంగాలకి లెక్కలేదు. చూసింది మాత్రం ఆ ఒక్కసారే. అయినా నిజం చెప్పాలి, నా కోపం ఈరోజుకీ చల్లారలేదు. ఆ సంఘపెద్దమీద కన్నా, బొండాలు సిద్ధంగా ఉన్నాయని మెట్లు దిగిపోయిన చదువుకున్నవాళ్ళమీద ఎక్కువ. మీరు ఇప్పుడు పిల్లల ముందు పెడుతున్న తెరలు మా పెట్టెకన్నా వెయ్యిరెట్లు తెలివైనవని అంటున్నారు. సంతోషం. ఎవరైనా చూడ్డానికి వచ్చే ముందు, ఒక్కసారి మీరే స్విచ్చి ఆపి చూడండి.

కూడిక అయ్యాక పెద్దమ్మ నన్ను రేవుదాకా సాగనంపడానికి వచ్చింది. షెల్టరు దగ్గర ఆగింది. బోర్డుమీద రంగు అప్పటికే ఉప్పుగాలికి పొక్కులు లేస్తోంది. ఊళ్ళోవాళ్ళు దాని పక్కనుంచే గంపలతో వెళ్తున్నారు, ఎవరూ తలెత్తడం లేదు. ఆవిడ దగ్గరికెళ్ళి వేలు పెట్టింది.

"సం... పూర్... ణ. సంపూర్ణ," అంది. ఊపిరి తీసుకుంది. ఒక్కొక్క అక్షరమే పట్టుకుని, ఒత్తుల దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళి, బోర్డు చివరిదాకా చదివింది. పంటు కూత వేసింది. నేను కదల్లేదు.

"ఇది అబద్దం కదండి," అంది చివరికి, నా వైపు తిరిగి.

"అబద్ధమే పెద్దమ్మా."

"అయినా రాసుంది."

ఆవిడ చేతిలోని గ్రంథం వైపు చూశాను. "గ్రంథం ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగాను.

"మొదటి కాయితం కాణ్ణించి వత్తన్నానండి. ఇంకా సగం కూడా కాలేదు. ఆ మాట ఇప్పటిదాకా ఎక్కడా కనపళ్ళేదు."

"లేదని నేను చెప్పాను కదా."

ఆవిడ గ్రంథాన్ని చీరకొంగులో చుట్టి చంకలో పెట్టుకుంది.

"సెప్పేరండి. కానీ సివరంటా సూడకుండా, లేదని నేనెలాగంటాను?"